కారుకు కాపలా హారన్

పక్క వీధిలో కారు పోయిందని విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అందుకే ఈ రోజు బ్యాటరీల దుకాణం ఖాజాభాయ్‌ను పిలిచి నా పాత కారుకు కాపలా పెట్టించాను. ఆయన తలుపు సందులో చిన్న స్విచ్ బిగించి, దాన్నుంచి హారన్‌కు తీగ లాగాడు. తలుపు తెరిస్తే చాలు, హారన్ మోగుతుంది.

"ఇగ ఫికర్ చెయ్యకన్నా. దొంగ చెయ్యేస్తే బస్తీ మొత్తం ఉరికొస్తది," అన్నాడు.

చూద్దామని తలుపు తీశాను. సికింద్రాబాద్ అంతా వినపడేట్టు మోగింది. పట్టపగలే వీధిలో కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి. కూరగాయలామె గంప వదిలేసి సందులోకి పరుగెత్తింది. మొన్నటిదాకా రజాకార్లు, ఆ తర్వాత మిలిటరీ బండ్లు. పెద్ద చప్పుడు వింటే గడియ వేసుకోవడమే మాకు అలవాటైపోయింది. మా ఇంటి తలుపూ మూసుకుంది. "నేనే, తియ్యి" అని ఎంత కొట్టినా మా ఆవిడ గడియ తియ్యలేదు.

ఖాజాభాయ్ కారు తలుపు మూసి హారన్ ఆపాడు. "వైరింగ్‌ల తప్పేం లేదన్నా," అన్నాడు మెల్లగా.

రాత్రి అది మోగితే మీరైతే బయటికి వస్తారా? నిజం చెప్పండి. కారు నాదే, అయినా నేను రాను.