శుక్రవారం బిళ్ళలు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఫార్మసీ చదివినవాడంటే మా తాడేపల్లిగూడెంలో డాక్టరు కాలేకపోయినవాడని అర్థం. నేను మాత్రం నన్ను ముప్పాతిక డాక్టరుగానే లెక్కేసుకుని, కొల్లేటి లంక ఊళ్లో మందుల షాపు తెరిచాను. (తెల్లకోటు కూడా కుట్టించుకున్నాను. ఆ ఉక్కకు మర్నాడే మేకుకు తగిలించేశాను.)

ఎండుచేపలు అమ్మే పిన్ని ఒకావిడ వారం వారం దగ్గు మందు పట్టుకెళ్ళేది. దగ్గు తగ్గలేదు సరికదా, మనిషి చిక్కి సగమైంది. నాకు అనుమానమొచ్చి, ఇక మందు అమ్మనని మొండికేసి, ఏలూరు పంపి కఫం పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఆరోగ్య కేంద్రం నర్సమ్మగారు పిన్ని పేరు రాసిన మందుల పెట్టె నాకే అప్పగించి, సోమ, బుధ, శుక్రవారాలు ఎదురుగా నిలబెట్టి మింగించమన్నారు. మధ్యలో మానేస్తే జబ్బు ముదిరి మనిషి దక్కదని మరీ మరీ చెప్పారు. అంత బాధ్యత అదివరకు నన్ను నమ్మి ఎవరూ ఇవ్వలేదు. కాలరెగరేసుకుని తిరిగాను.

సోమవారం వచ్చింది, బుధవారం వచ్చింది, శుక్రవారం పిన్ని పత్తా లేదు. మరుసటి శుక్రవారమూ అంతే. ఆరా తీస్తే, ఆ రోజు చర్చిలో ఉపవాస ప్రార్థనట, మంచినీళ్ళు కూడా ముట్టరట. ఊరందరికీ తెలిసిన సంగతి నాకొక్కడికే తెలీదు. ఒళ్ళు మండి, బిళ్ళలూ నీళ్ళసీసా పుచ్చుకుని చర్చికి బయల్దేరాను.

నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకు రావాలని పాస్టరుగారు పిలుస్తున్నారు. పిన్ని ముందు వరుసలో కూర్చుంది. గబగబా అటు నడిచాను. కొత్త మనిషి తనంతట తాను నడిచొస్తున్నాడని జనమంతా స్తోత్రమన్నారు. పాస్టరుగారు ఆప్యాయంగా నా భుజం మీద చెయ్యేసి మైకు అందించారు.

మైకు చేతికొచ్చాక ఏం చెప్పను? నాకు తెలిసింది దగ్గొక్కటే. పిన్ని పేరెత్తకుండా, వారాల తరబడి దగ్గుంటే దాచుకోవద్దని, పరీక్ష చేయించుకోమని, మొదలెట్టిన మందు మానితే ప్రాణం మీదికొస్తుందని చెప్పాను. ఎలా ముగించాలో తోచక ఆమెన్ అని కూడా అనేశాను. (మా నాయనమ్మ వినుంటే మంచం పట్టేది.)

పాస్టరుగారు నా చేతిలో బిళ్ళలూ నీళ్ళసీసా చూసి, "మందు మింగడానికి తాగే గుక్కెడు నీళ్ళతో ఉపవాసం చెడిపోదండీ. దేవుడు మనల్ని బతకమనే అంటాడు" అన్నారు.

పిన్ని లేచి నా దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. "ఇటియ్యండి అబ్బాయిగారూ. ఇక్కడిదాకా వచ్చేసేక ఇంక మిమ్మల్ని తప్పించుకుని ఎక్కడికెళ్తానండీ."

మింగి, నోరు తెరిచి అందరి ఎదుటా చూపించింది. మర్నాడు పొద్దున నా షాపు ముందు దగ్గేవాళ్ళంతా బారులు తీరారు. వాళ్ళలో నిజంగా జబ్బున్నవాళ్ళు దొరికారు, మందులు పడ్డాయి, నయమయ్యారు. పిన్నికి చివరి పరీక్షలో ఏమీ లేదని వచ్చిన వారం, ఆవిడే మైకు పుచ్చుకుని, దేవుడు బతికించాడనీ, ఆయనకు తీరిక లేనప్పుడల్లా మందుల అబ్బాయిని పంపాడనీ సాక్ష్యం చెప్పింది. వెనక వరుసలో కూర్చుని చొక్కాచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. అంతకన్నా పెద్ద సన్మానం నాకు మళ్ళీ జరగలేదు.

ఇప్పుడు నా షాపుకు ఏసీ వచ్చింది, నాకు పొట్ట వచ్చింది. మందుకు రానివాళ్ళకు ఫోను చేస్తాను. నిన్న ఒకాయన ఎంతకీ ఎత్తలేదు. సాయంత్రం మళ్ళీ చేద్దాంలే అనుకుని కుర్చీలో వెనక్కి వాలాను. బిళ్ళలు పుచ్చుకుని చర్చికెళ్ళిన అప్పటి కుర్రాడైతే ఈపాటికి వాళ్ళ గుమ్మంలో ఉండేవాడు కదా అనిపించి నవ్వొచ్చింది. మోకాళ్ళు వద్దంటున్నా లేచి చెప్పులు వేసుకున్నాను.