స్టెన్సిల్‌లో పట్టని నాలుగు పాదాలు

డెబ్బైల చివర్లో పుదుచ్చేరిలో మేమొక తెలుగు పత్రిక నడిపాం. పత్రిక అనడం పెద్ద మాటే. పది పేజీలు, సైక్లోస్టైల్ అచ్చు, రెండు నెలలకొకసారి అనుకుంటే నాలుగు నెలలకొకసారి వచ్చేది. ఆదివారం మధ్యాహ్నాలు రెడ్డియార్‌పాళయంలో ఒక బట్టల కొట్టు మిద్దె మీద కలిసేవాళ్ళం. వచ్చే కవుల్లో సగం మందికి తెలుగు చదవడం రాదు. ఇంట్లో మాట తెలుగు, బడిలో నేర్చిన రాత తమిళం. అందుకని తెలుగు కవితను తమిళ అక్షరాల్లో రాసుకొచ్చేవాళ్ళు. దాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చి, ఇనుప కలంతో స్టెన్సిల్ అనే మైనపు కాగితం మీద గీయడం నా పని. ఆ పనితో నాకు కాస్త గర్వం తలకెక్కింది కూడా. నేను లేకపోతే వీళ్ళ కవిత్వం గాలికి పోతుందనుకునేవాణ్ణి.

అచ్చయ్యాక వాళ్ళ కాగితాలతోనే యంత్రానికంటిన సిరా తుడిచేవాణ్ణి. పత్రికలో వచ్చేసింది కదా, ఆ తమిళ రాత ఇంకెందుకని నా ధీమా.

మాలో ఒక మిల్లు కార్మికుడు ఉండేవాడు. యాభై దాటిన మనిషి, నేను మామా అని పిలిచేవాణ్ణి. మగ్గాల మోతకు చెవులు మందగించి, ఎంత మెల్లగా చదవమన్నా వీధి చివరికి వినబడేలా చదివేవాడు. తెగ ఏడిపించేవాళ్ళం. అలాంటి మనిషి ఒకసారి మిల్లు మీద పొడుగాటి కవిత తెచ్చి, ఎవరి ముందూ చదవకుండా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. చివరి నాలుగు పాదాల్లో మిల్లు లేదు, భార్య ఉంది. పేజీలో చోటు చాలలేదు. ఇంకో స్టెన్సిల్ గీయడానికి బద్ధకం. మిల్లు దగ్గర ఆగితేనే కవిత బిగువుగా ఉంటుందని నాకు నేనే నచ్చజెప్పుకుని ఆ నాలుగూ కోసేశాను. ఆయనకు చెప్పలేదు. తెలుగు చదవలేడు కనుక ఆయనకు తెలియలేదు. ఆ సంచికను జేబులో పెట్టుకుని నెలంతా మురిసిపోయాడు.

మరుసటి ఏడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పెద్దకర్మ అయిన వారానికి ఆయన భార్య ఆ సంచిక పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"నాయినా, దీంట్లో నా గురించి రాసినాడంట. ఏంది రాసినావని అడిగితే, పుస్తకంలో ఉండాది పో అని సిగ్గుపడినాడు. నాకీ తెలుగు ఎళుత్తు చదివేదానికి రాదు. కొంచెం చదివి చెప్పు."

చదివాను. సైరన్, దూది, మగ్గాలు, షిఫ్టు. ప్రతి పాదానికీ ఆమె కొంచెం ముందుకు వంగింది. కవిత అయిపోయింది.

"అంతేనా?"

"అంతే అత్తా."

"ఆయన చేత్తో రాసింది యాడన్నా ఉందా? అదైతే నేనే చదువుకుంటా."

"లేదత్తా. పోయింది."

ఆ నాలుగు పాదాల్లో ఒక్క మాటైనా గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె పత్రికను జాగ్రత్తగా మడిచింది.

"అబద్ధం చెప్పినాడు, పాపం. నన్ను సంతోషపెట్టేదానికి," అని నవ్వబోయి ఏడ్చింది.

అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. చచ్చిపోయిన మనిషిని అబద్ధాలకోరును చేసి, వాకిలి దాకా వెళ్ళి ఆమెను సాగనంపాను.