ఏ ఊరి మద్దిలేటి?

ఈ ఉదయం కర్నూలు పోస్టాఫీసులో ఒకాయన పార్సిల్ మూతికి లక్క పెడుతున్నాడు. కొవ్వొత్తి మంటకు కరిగిన ఎర్రటి లక్క బొట్లు బొట్లుగా పడుతుంటే ఆ ఘాటు వాసన గదంతా కమ్ముకుంది. వరుసలో నా ముందున్న ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం హాయిగా పీల్చుకున్నాను. నాకది సువార్తమ్మగారి గది వాసన. డోన్‌లో కోర్టు వీధిలో ఆమెకు ఒక చిన్న టైపింగ్ సెంటరు ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక స్కానరు. కంప్యూటర్లు వచ్చి ఎన్నేళ్ళయినా, పాతకాలం కక్షిదారు ఎవరైనా కవరు మీద సీలు వేయమంటే సొరుగులోంచి లక్క కడ్డీ తీసి ఓపిగ్గా వేసి ఇచ్చేవారు. నేను మూడేళ్ళు అక్కడ పనిచేశాను. ఇప్పుడు కర్నూలులో నాకంటూ అలాంటిదే ఒక గది ఉంది. అందులో నేను చేసే పని ఎలా చేయాలో నేర్పింది ఆమే, అదీ నేను మొండికేస్తుంటే నేర్పింది.

సువార్తమ్మగారు మిషన్ బడిలో చదివి, అక్కడే టైపు నేర్చుకుని, ముప్పై ఏళ్ళు ఒక ప్లీడరు దగ్గర టైపిస్టుగా చేశారు. పొడుగాటి మనిషి. తెల్లటి నూలుచీర, దారం కట్టి మెడలో వేలాడేసుకున్న కళ్ళద్దాలు. ఆదివారం ఎంత గిరాకీ ఉన్నా గది తలుపు తీసేవారు కాదు, ప్రార్థనకు పోవాల్సిందే. నేను డిగ్రీ అయి, ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి ఆమె దగ్గర చేరాను. అరవై దాటిన మనిషికి కంప్యూటరు గురించి నేనే ఏదైనా చెప్పాలనుకుంటూ వెళ్ళాను. మొదటి రోజే నా పని తేలిపోయింది. ఒక ఫైలుకు పెట్టిన పాస్‌వర్డ్ మరిచిపోతానేమోనని చిన్న చీటీ మీద రాసి మానిటరుకు అంటించాను. ఆమె ఆ చీటీ ఊడదీసి, చింపి, నేను తాగుతున్న టీ గ్లాసులో వేశారు. సగం టీ ఇంకా గ్లాసులోనే ఉంది.

పనిలో ఆమె పట్టింపులు చూస్తే నాకు నవ్వొచ్చేది. ఎవరి కాగితమైనా సరే, స్కాన్ చేసి పీడీఎఫ్ చేశాక పాస్‌వర్డ్ పెట్టకుండా మెయిల్‌లో పోనిచ్చేవారు కాదు. ఆ పాస్‌వర్డ్ పేరూ పుట్టినరోజూ కాకూడదు, కాగితం ఎవరిదో వాళ్ళే ఒక మాట చెప్పాలి. రైతులు తమ మొదటి ఎద్దు పేరు చెప్పేవాళ్ళు. ఒక ముసలాయన, చిన్నప్పుడు తనను కొట్టిన అయ్యవారి పేరు చెప్పి కసితీరా నవ్వాడు. ఆ మాట మెయిల్‌లో రాయకూడదు, ఫోన్ చేసి నోటితోనే చెప్పాలి. ఫైలుకు కూడా లోపలేముందో తెలిసే పేరు పెట్టనిచ్చేవారు కాదు. మా కంప్యూటర్లలో ఫైళ్ళన్నీ జొన్నలు, కొర్రలు, సజ్జలు అని ఉండేవి. ఫైలు పేరే ఊరంతా చాటింపు వేస్తుంటే ఇక తాళమెందుకని ఆమె వాదన. లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు అనే బటన్ నేనొకసారి నొక్కబోతే, సంతరోజు ఇంటి తలుపులు తీసిపెట్టి తిరునాళ్ళకు పోతామా అని అడిగారు.

వీటన్నిటికంటే నాకు చిరాకు తెప్పించేది ఆఖరి పట్టింపు. మెయిల్ పంపే ముందు, అది ఎవరికి పోతోందో పైకి చదవాలి. ఉత్త పేరు చదివితే ఒప్పుకునేవారు కాదు. పెళ్ళి సంబంధం అడిగినట్టు, ఏ ఊరు, ఎవరి కొడుకు, ఏం చేస్తాడు, అన్నీ చెప్పాలి. మా ప్రాంతంలో మద్దిలేటి స్వామి పేరే మగపిల్లలకు పెట్టుకుంటాం. డోన్ బజారులో నిలబడి మద్దిలేటీ అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. ఇంకో పక్క కంప్యూటరేమో రెండక్షరాలు కొట్టగానే మిగతాది తానే పూరించి, ఇతనేనా అని చూపిస్తుంది. దాని తెలివి మీద నాకున్న నమ్మకం ఆమెకు లేదు. “దానికి పేరు తెలుసు పద్మా, మనిషి తెలీదు” అనేవారు. ఆమె గదిలో లేనప్పుడు నేను ఆ చదవడం మానేసేదాన్ని.

అలా మానేసిన ఒకరోజే నా కొంప మునగబోయింది. డోన్ పక్కన ఒక నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఈరమ్మ అనే ఆమె ఒక కాగితం పట్టుకొచ్చింది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. పొద్దున వస్తే సాయంత్రం దాకా బిగబట్టుకోవాలి, లేదంటే రాళ్ళ కుప్పల చాటుకు పోవాలి. అంతకుముందు ఒకామె ధైర్యం చేసి యజమానిని అడిగితే, మరునాటి నుంచి పనిలోకి రావద్దన్నారట. అందుకని ఈసారి పదకొండు మంది కలిసి ఫ్యాక్టరీలు తనిఖీ చేసే అధికారికి అర్జీ రాశారు. ఆరు సంతకాలు, ఐదు వేలిముద్రలు, పక్కన పేర్లు. దాన్ని ముందుగా కర్నూలులో మద్దిలేటి అనే వకీలుకు పంపాలి, ఆయన సరిచూసి అధికారి దగ్గరికి తీసుకుపోతాడు. అధికారి వచ్చి చూసేలోపల ఈ పేర్లు యజమాని చెవిన పడితే పదకొండు ఇళ్ళలో పొయ్యి వెలగదు. సువార్తమ్మగారు స్కాన్ చేయించి, ఫైలుకు కొర్రలు అని పేరు పెట్టించారు. ఈరమ్మ ఒక మాట చెబితే దాంతో తాళం వేశాం. ఆ మాటేమిటో ఇక్కడ రాయను, అది నాది కాదు. అంతలో ఎవరో పిలిస్తే సువార్తమ్మగారు పక్క గదికి వెళ్ళారు. నేను రెండక్షరాలు కొట్టాను, కంప్యూటరు మద్దిలేటిని చూపించింది, పంపేశాను.

అరగంటకు నా ఫోన్ మోగింది. “ఏమ్మా, నాకేందో ఫైలు పంపినావు. తెరుచుకోవడంలే. పాస్‌వర్డ్ చెప్పు” అన్నాడాయన. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు ఆ గొంతు వెనక రాళ్ళు కోసే యంత్రం మోత వినిపించింది. అతను వకీలు కాదు, అదే పాలిష్ ఫ్యాక్టరీ మేనేజరు మద్దిలేటి. తన ఉత్తరాలు టైపు చేయించుకోవడానికి మా దగ్గరికే వస్తుంటాడు. ఉండండి సార్ అన్నానో, అదీ అనలేకపోయానో గుర్తులేదు. పక్క గదికి పరుగెత్తి ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. నా ముఖం చూసి, తెరమీద పేరు చూసి, ఆమెకు అంతా అర్థమైంది. ఏదో ఒక అబద్ధం చెప్పి గట్టెక్కిస్తారనుకున్నాను. అబద్ధమాడే అలవాటు ఆమెకు లేదు.

“అది నీది కాదప్పా. మాదే పొరపాటు, వేరే వాళ్ళది నీకొచ్చింది. చెరిపెయ్యి” అన్నారు.

అవతల అతను నవ్వుతూ, అంత తాళం వేసిన దాంట్లో ఏముందో చెప్పరాదా అని బతిమాలాడట. ఆమె కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

“నీ కాగితంలో ఏముండాదని రేపు ఇంగొకరు అడుగుతారు. చెప్పమంటావా?”

చెరిపేస్తాండా అక్కా అని అతను ఫోన్ పెట్టేశాడు. నెల ముందు అతను యజమానికి తెలియకుండా కడప పక్కన ఇంకో ఫ్యాక్టరీలో ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నాడు. అది టైపు చేసి, తాళం వేసి పంపింది ఆమే. నాకు కూడా ఆరోజే తెలిసింది. భలే బెదిరించారమ్మా అని నేను సంబరపడబోతే ఆమెకు నచ్చలేదు. తాను బెదిరించలేదని, అతని కాగితం కూడా ఇదే గదిలో పదిలంగా ఉందని గుర్తుచేశానని, అంతకుమించి ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదని అన్నారు. తరువాత నేను తిట్లకు సిద్ధమై నిలబడ్డాను. ఆమె తిట్టలేదు, అంతకంటే పెద్ద శిక్షే వేశారు.

“ఈరమ్మ ఇంటికి పొయ్యి చెప్పు.”

ఫైలు తెరుచుకోలేదు కదా, ఎవరికీ ఏమీ కాలేదు కదా, ఇప్పుడు చెప్పి వాళ్ళను హడలగొట్టడం ఎందుకని వాదించాను. కాగితం వాళ్ళదైనప్పుడు దానికి జరిగింది తెలుసుకునే హక్కు వాళ్ళదేనని, భయపడాలో వద్దో వాళ్ళే తేల్చుకుంటారని అన్నారు. కనీసం తోడు రమ్మంటే రాలేదు. పంపిన చేయి ఎవరిదో ఆ నోరే చెప్పాలట.

ఆ సాయంత్రం ఆటోలో పోతూ, దారిలో టైరు పగిలిపోతే బాగుండునని వేయి దేవుళ్ళకు మొక్కుకున్నాను. ఏ దేవుడూ వినలేదు. ఈరమ్మ ఇంటిముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, ఇంకా ఒంటిమీద రాతిపొడి కూడా కడుక్కోలేదు. నిలబడే చెప్పేశాను. కాగితం మేనేజరుకు పోయింది, నావల్లే పోయింది, చూసుకోకుండా పంపాను అని. ఒకామె తలమీద చేతులు పెట్టుకుంది. ఇంకొకామె అర్జీ వెనక్కి తీసుకుందామంది. ఈరమ్మ మాత్రం నా వైపే చూస్తూ, తెరిసినాడా అని అడిగింది. తెరవలేకపోయాడని, నేను ఆ మాట చెప్పలేదని అన్నాను. అంతే, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చేసింది. “తెరవనప్పుడు ఏమిటికి ఏడుస్తావు పాపా? కూర్చో, రొట్టె తిను” అని, అర్జీ ఆగేది లేదని మిగతావాళ్ళతో తేల్చి చెప్పింది. జొన్నరొట్టె, వేరుశెనగ పొడి. సిగ్గుతో తిన్నా, రెండు రొట్టెలు తిన్నాను.

మరునాడు ఏ ఊరి మద్దిలేటో, ఎవరి కొడుకో గట్టిగా చదివి మరీ కర్నూలు వకీలుకు పంపాను. కొన్ని వారాలకు అధికారి వచ్చాడు, పేర్లు బయటపెట్టకుండానే తనిఖీ చేశాడు, మరుగుదొడ్డి గోడలు లేచాయి. పదకొండు మందిలో ఒక్కరి పనీ పోలేదు. మేనేజరు మద్దిలేటికి కడప ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు మహానంది ప్రసాదం తెచ్చి సువార్తమ్మగారి చేతిలో పెట్టాడు. ప్రార్థన చేసుకునే మనిషి కాదనకుండా కళ్ళకద్దుకుని నాకిచ్చారు. ఈసారి పంపేటప్పుడు ఊరు చూసి పంపమ్మా అని అతను నన్ను ఆటపట్టించి పోయాడు. ఆ ఫైలులో ఏముందో ఊహించాడేమో, నాకు తెలియదు.

సువార్తమ్మగారు గది మూసేసి రాయచోటిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళి నాలుగేళ్ళయింది. పోయిన నెల ఈరమ్మ కర్నూలులో నా గదికి వచ్చింది. గర్భసంచి ఆపరేషన్ చేయాలన్నారట, ఆ కాగితాలు ఇంకో ఊరి డాక్టరమ్మకు పంపి అడగాలి. డోన్‌లో ఇన్ని అంగళ్ళుండగా ఒంట్లో బాగాలేని మనిషి ఇంతదూరం ఎందుకొచ్చిందని కోప్పడ్డాను. మా సువార్తమ్మగారి శిష్యురాలిననో, తాళాలు బాగా వేస్తాననో అంటుందనుకున్నాను.

“తప్పు చేసి ఇంటికొచ్చి చెప్పినోళ్ళను నిన్నొక్కదాన్నే చూసినా పాపా” అంది.

నాకు కళ్ళు నిండాయి. సువార్తమ్మగారు వేసిన శిక్షకు పోయినదాన్నే తప్ప, నాకై నేను పోయినదాన్ని కాదు. ఆ సంగతి ఈరమ్మకు చెప్పి, రాయచోటికి ఫోన్ కలిపి ఆమె అన్న మాట సువార్తమ్మగారికి వినిపించాను. మెచ్చుకుంటారేమోనని చెవి ఒగ్గి ఉన్నాను.

“సరే గానీ, డాక్టరమ్మ ఏ ఊరామె?” అన్నారు.

ఊరు, ఇంటిపేరు, ఆసుపత్రి ఉన్న వీధి, అన్నీ పైకి చదివాను. ఈరమ్మ పక్కనే కూర్చుని, అవునవునని తల ఊపుతూ విన్నది. అప్పుడు పంపాను.