లిస్బన్‌లో పెరుగన్నం

ఎనభైలలో మా క్లీవ్‌లాండ్ తెలుగువాళ్లలో ఎవరు యూరప్ వెళ్తున్నా ముందు, కాన్ఫరెన్సులకని ఆ దేశాలన్నీ తిరిగిన మా డాక్టరక్కయ్యకు ఫోన్ చేసేవాళ్లం. పిల్లలతో ఎక్కడ తినాలో ఆవిడే చెప్పాలి. ఏ హోటల్లో కూర్చున్నా ఆవిడ మెనూ పక్కన పెట్టి, "ముందు పిల్లలకి పెట్టండి, మా సంగతి తర్వాత," అనేవారు.

లిస్బన్‌కి కాన్ఫరెన్స్ కోసం వెళ్లినప్పుడు, రేవు దగ్గరి చిన్న హోటల్లో కొడుక్కి పెరుగన్నం అడిగారట. హోటల్ వాళ్లు పంచదార వేసి తెచ్చారు. ఆవిడ తిన్నగా వంటింట్లోకి వెళ్లి, అన్నం మెత్తగా మెదిపి, ఉప్పేసి కలిపి చూపించారు.

రెండేళ్ల తర్వాత మేమూ అక్కడికే వెళ్లాం. మా పాపని చూడగానే ఆ హోటలాయన, మేం నోరు విప్పకముందే, పెరుగన్నం తెచ్చి దాని ముందు పెట్టాడు. మా ఆర్డర్ ఆ తర్వాతే తీసుకున్నాడు. మా అక్కయ్య పేరు ఆ హోటల్ బోర్డు మీద చూసినంత గర్వంగా అనిపించింది నాకు.

ఇంటికి రాగానే ఫోన్ చేసి చెప్పాను.

"ఉప్పేశాడా?" అన్నారు.

"వేశాడక్కయ్యా. అన్నం కూడా మెత్తగా మెదిపాడు."



"పర్లేదు, చేయి తిరిగింది," అన్నారు. "ఈసారి వెళ్లినప్పుడు పోపు నేర్పిస్తాను."