భుజకీర్తుల జత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా నాటకాలకీ సినిమాలకీ పాతకాలపు దుస్తులు కత్తిరిస్తున్నాను. నలుగురిని తిట్టందే నా కత్తెర కదలదు. మా కార్ఖానాలో నా అరుపులకు బెదరని మనిషి ఒక్కతే, గుండీలక్క.

అసలు పేరు హాజరుపట్టీలో ఎక్కడో ఉంది, ఎవరూ వాడరు. వెనకటి సైనికాధికారుల కోట్లకు కావలసిన హంగులు వెతికి తేవడం ఆమె పని. ఇత్తడి గుండీలు, ఛాతీ మీద వేలాడే జరీ తాళ్లు, నడుం పటకాలు, భుజాల మీద కుచ్చులతో కూర్చునే భుజకీర్తులు. కొత్తవి కేటలాగులో కావలసినన్ని దొరుకుతాయి గానీ, స్టేజీ దీపాల కింద అవి పిల్లల ఆటసామానులా మెరుస్తాయి. అందుకని ఆమె పాతసామాన్ల బజారులో, మూతబడ్డ బ్యాండు కొట్లలో తిరిగి అసలువి పట్టుకొస్తుంది. గుండీని గోటితో మీటి, ఇత్తడో ఉత్త పూతో చెప్పేస్తుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

రెండు నెలల క్రితం ఆమె భర్త పోయాడు. లారీల కాటా దగ్గర గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, పొద్దున్నే పళ్లు తోముకుంటూ కుప్పకూలిపోయాడు. ఆరోరోజున అక్క పనిలోకి వచ్చేసింది. వచ్చి, డబ్బా తెరిచి, గుండీలు సైజులవారీగా వేరుచేస్తూ కూర్చుంది. పలకరించిన వాళ్లందరికీ "బానే ఉన్నా" అని ఒకటే మాట. "చీమ కుట్టినట్టైనా లేదు చూడు" అని మిషన్ల దగ్గర ఎవరో గుసగుసలాడితే, నా చేతిలో సుద్ద విసిరేశాను. తగల్లేదు, అదొక్కటే విచారం.

ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను. "నిజం చెప్పక్కా, ఎలా ఉంది నీకు?"

"ఏం తెలియట్లేదు మాస్టారూ" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ. "పన్ను పీకే ముందు సూది మందేస్తారే, అలా ఉంది. బుగ్గ నాదే, గిల్లినా తెలియదు. అమ్మాయి ఫోన్ చేసి ఏడుస్తుంది. నేను ఊఁ కొడతాను. పెట్టేశాక అది ఏం చెప్పిందో గుర్తుండదు."

ఆ వారమే మాకు పెద్ద పని తగిలింది. రెండొందల ఏళ్ల కిందటి యుద్ధం మీద నాటకం. సేనాధిపతి కోటు నా వంతు, దానికి భుజకీర్తులు అక్క వంతు. శుక్రవారం నాలుగు గంటలకు నటుడు కొలత చూసుకోవడానికి వస్తాడు. మా ఓనరుగారబ్బాయి కొత్తగా పెత్తనం తీసుకున్నాడు. నన్ను పక్కకు పిలిచి, "ఇదొక్కటీ చూద్దాం మాస్టారూ. శుక్రవారానికి సరైన జత రాకపోతే, ఇకనించి అన్నీ కేటలాగులోనే. ఆవిణ్ణి ఇంటిపట్టున ఉండి రెస్టు తీసుకోమందాం" అన్నాడు. పిల్ల కాకికేం తెలుసు ఉండేలు దెబ్బ.

నేను దాచకుండా అక్కకు చెప్పేశాను. ఆమె తలెత్తలేదు. "ఇంట్లో ఏం చేయను మాస్టారూ? ఇక్కడైతే చేతులైనా కదుల్తాయి" అంది. అప్పుడు కూడా గొంతులో ఏమీ లేదు. రైళ్ల వేళలు చదివినట్టు చెప్పింది. నాకు భయమేసింది.

గురువారం మధ్యాహ్నం వార్తాపత్రికలో చుట్టిన పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. విప్పి చూస్తే కళ్లు చెదిరాయి. అసలు జరీ, కాలం మీద మాగిన రంగు, కుచ్చుల్లో ఒక్క పోగు ఊడలేదు. కోటు బొమ్మకు తొడిగి ఉంది. ఎడమ భుజం మీద ఒకటి పెడితే పిల్లి ముడుచుకు పడుకున్నట్టు కూర్చుంది. రెండోది కుడి భుజం మీద పెట్టాను. మెడవైపు అంచు పైకి లేచింది. కుచ్చులన్నీ వెనక్కి పోయాయి. తిప్పి పెట్టాను, మళ్లీ పెట్టాను. భుజకీర్తులు చెప్పుల్లాంటివి. కుడిది కుడికే, ఎడమది ఎడమకే.

"అక్కా, రెండూ ఎడమవే!"

ఆమె చూసింది. "అవును" అంది.

అంతే, నా నోరు జారింది. "అవునా? ఇరవయ్యారేళ్లు చేసిన పనేనా ఇది? నిన్నగాక మొన్న చేరిన పిల్ల కూడా చేయదు ఈ తప్పు! రేపు నాలుగింటికి నీ ఉద్యోగం పోతుంది, తెలుస్తోందా? పెట్టి చూసుకోలేదా?"

"చూశాను మాస్టారూ. రెండూ బాగా కూర్చున్నాయి."

"ఎలా చూశావ్? చూపించు!"

ఒకటి తీసుకుంది. కుడిచేత్తో పట్టుకుని తన ఎడమ భుజం మీద ఆనించుకుంది. కుచ్చులు సర్దింది. కిందపెట్టి, రెండోది తీసుకుంది. మళ్లీ అదే కుడిచెయ్యి, అదే ఎడమ భుజం.

అక్కడ ఆగిపోయింది. నాకూ అప్పుడే వెలిగింది. ఇన్నేళ్లూ ఆమె బజారుకు ఒంటరిగా వెళ్లలేదు. వాళ్లాయన వెంట వెళ్లి, ఎండలో కదలకుండా నిలబడేవాడు. ఆమె ఆయన భుజాల మీదే జత పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకునేది. "మా ఆవిడకు నేను మొగుణ్ణి కాదు, హేంగర్ని" అని మా దగ్గర జోకులేసేవాడు కూడా.

నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఓనరుగారబ్బాయి తొంగి చూస్తే, "జత వచ్చింది, అస్తరు వేస్తున్నాం" అని అబద్ధమాడి పంపేశాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బజారుకు వెళ్లాం. పాత బెల్టులూ బూట్లూ పోగేసుకుని కూర్చునే ముసలాయన దగ్గరే ఆమె కొన్నది. మమ్మల్ని చూడగానే రేకు పెట్టెలోంచి రెండు కుడివి తీశాడు. "రెండు జతలున్నాయమ్మా నా దగ్గర. మీరు రెండూ ఒకవైపువే ఏరుకుంటే, ఏదో లెక్క ఉందిలే, మీకు నేను చెప్పేదేంటని ఊరుకున్నా" అన్నాడు. ఒక ఎడమది వెనక్కి తీసుకుని, ఒక కుడిది ఇచ్చాడు. ఇస్తూ, "మొన్న ఒక్కరే వచ్చారు. సారేరమ్మా?" అన్నాడు.

నేను జవాబు చెప్పబోయాను. అక్క చెయ్యి అడ్డుపెట్టింది.

"లేరు" అంది. మళ్లీ తనే, "చనిపోయారు" అంది. రెండు నెలల్లో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు.

ముసలాయన కళ్లజోడు తీసేశాడు. బూటొకటి తీసుకుని తుడవసాగాడు.

"పెట్టి చూసుకో అక్కా" అని నేను ఆమె ముందు నిటారుగా నిలబడ్డాను. రెండు చేతుల్లో రెండూ పట్టుకుని ఎత్తింది. నేను పొట్టివాణ్ణి. ఆమె చేతులు నా భుజాలకు జానెడు పైన, ఖాళీలో ఆగాయి. అక్కడే పెట్టబోయి, పెట్టలేక, నెమ్మదిగా కిందికి దించింది. భుజకీర్తులు నా చొక్కా మీద ఆనాయి. సరిగ్గా కూర్చున్నాయి.

"ఎంత పొడుగుండేవారు మాస్టారూ!" అంది. నా భుజాలు వదలకుండా ఏడ్చింది, బజారంతా తిరిగి చూసేలా ఏడ్చింది.

నాలుగింటికి ఇంకా చాలా టైముంది. మాసిన చొక్కా మీద సేనాధిపతి భుజకీర్తులతో నన్ను చూసి దారినపోయేవాళ్లు నవ్వారు. ఎవర్నీ తిట్టలేదు. కదలకుండా నిలబడ్డాను.