పారబోసే ఫ్లాస్కు

కరోనా కబుర్లు పేపర్లో లోపలి పేజీలకు వెళ్ళిపోయిన ఏడాది అది. తిరుపతి దగ్గర ఒక టీకాల కంపెనీలో సెల్ కల్చర్ గది నా చేతి కింద ఉండేది. సెల్ కల్చర్ అంటే జంతువుల శరీరంలోంచి ఎప్పుడో తీసిన కణాలను సీసాల్లో, పోషక ద్రవం పోసి పెంచడం. మాది చంద్రగిరి. నాకు పని వచ్చు, కోపమూ వచ్చు. రెండోదే ముందు వస్తుందని మా గదిలోవాళ్ళు అనుకునేవాళ్ళు.

ఫ్లూ టీకాను మా కంపెనీ అప్పటిదాకా కోడిగుడ్లలోనే చేసేది. గుడ్డులోకి వైరస్ ఎక్కించి, పెరిగాక బయటికి తీసి, చంపి, శుద్ధి చేస్తారు. కోళ్ళకు జబ్బొస్తే గుడ్లుండవు, గుడ్లు లేకపోతే టీకా లేదు. అందుకని ఎప్పుడో కుక్క మూత్రపిండం నుంచి తీసిన ఎం.డి.సి.కె. అనే కణాల్లో వైరస్‌ను పెంచాలని పైవాళ్ళు నిర్ణయించారు. చిక్కల్లా ఆ కణాల స్వభావంతోనే వచ్చింది. సీసా అడుగుకు అతుక్కుంటే తప్ప అవి బతకవు. టీకా పెద్ద ఎత్తున చేయాలంటే బయోరియాక్టర్ అనే పెద్ద ట్యాంకు కావాలి, అందులో అతుక్కోవడానికి అంత చోటు ఎక్కడ తెస్తాం? ద్రవంలో తేలుతూ విడివిడిగా బతకడం వాటికి అలవాటు చేయాలి. దాన్ని సస్పెన్షన్ అంటాం. మాకు మూడు నెలలు గడువిచ్చారు. కాకపోతే గది మూసేస్తామన్నారు.

నాకు ఇంకోచోట ఉద్యోగం దొరికేది. మునిరత్నం సంగతి అలా కాదు. వడమాలపేట నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు, నాకంటే పెద్దవాడు. శాంతంగా ఉంటే మునిరత్నమన్నా అనేదాన్ని, కోపమొస్తే ఉత్త మునిరత్నం. పద్దెనిమిదేళ్ళు గుడ్ల గదిలో, గుడ్డు వెనక దీపం పెట్టి లోపల పిండం బతికుందో లేదో క్షణంలో చెప్పిన మనిషి. ఆ పనికి యంత్రం వచ్చేసరికి అతన్ని నా దగ్గరికి పంపారు. మా గది నిలిస్తే ఉంటాడు, మూస్తే ఇంటికే. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

మొదటి రెండు నెలలు కణాలు నన్ను ఏడిపించాయి. ఫ్లాస్కులను గుండ్రంగా ఊపే షేకర్ మీద పెడితే, అడుగు దొరక్క ఒకదానికొకటి అతుక్కుని ముద్దలయ్యేవి. ముద్ద లోపలివి తిండి అందక చచ్చేవి. ట్రిపాన్ బ్లూ అనే రంగు చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే చచ్చినవి నీలంగా కనిపిస్తాయి. నాకు రోజూ నీలమే కనిపించేది.

కొన్ని రోజులకోసారి తిండి మార్చేవాళ్ళం. షేకర్ ఆపి, కణాలు అడుగుకు దిగాక వాటిని ఉంచుకుని, పైన మిగిలిన ద్రవాన్ని బ్లీచ్‌లో పారబోసేవాళ్ళం. కణాలు కింద, చెత్త పైన. చదువుకున్న రోజుల నుంచీ నా చేతికి అదే అలవాటు. తప్పు అక్కడ ఉండొచ్చని నాకు తోచనే లేదు. ద్రవం పీల్చి వదిలే పిపెట్‌ను మునిరత్నం మొరటుగా వాడటం వల్లే కణాలు చస్తున్నాయని నలుగురిలో అన్నాను. అతను తల వంచుకుని పని చేసుకుంటూ పోయాడు.

గడువుకు నెల కూడా లేదనగా, ఒక పొద్దున షేకర్ తెరిస్తే వెనక మూలన నేను పెట్టని చిన్న ఫ్లాస్కు ఒకటి ఊగుతోంది. దాని మీద తెలుగులో 'పారబోసేది' అని రాసి ఉంది. ఎవరిదంటే మునిరత్నం ముందుకొచ్చాడు. నెల కిందట పారబోయమన్న పై ద్రవాన్నే దాచి పెంచుతున్నాడట. మా పనిలో చెప్పకుండా ఫ్లాస్కు పెట్టడం చిన్న తప్పు కాదు, మనిషిని ఇంటికి పంపడానికి అదొక్కటి చాలు. నా ఒళ్ళు మండిపోయింది. ఫ్లాస్కు తీసుకుని బ్లీచ్ బకెట్ దాకా వెళ్ళాను.

"పారబోద్దురు గాని మేడం. ఒక్క సుక్క సూసి పారబోయండి," అన్నాడు.

అందులో ఏముందని పారబోయకుండా దాచావని అడిగాను.

"మా ఇంట్లో రాగులు గాలించేది నేనే మేడం. నీళ్ళు పోసి తిప్పతా, పైనుండే రాగుల్ని ఇంకో గిన్నెలోకి వంచుకుంటాము. ఇసక అడుగున ఉండిపోతాది. ఈడ మనం ఇసకను దాపెట్టుకోని, రాగుల్ని పారబోస్తా ఉండామేమో అనిపించినాది."

మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. చచ్చినవి చాలానే ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడా గుండ్రంగా, మెరుస్తూ, దేనికీ అతుక్కోకుండా బతికున్న కణాలు. ముద్దలు బరువుకు తొందరగా దిగిపోతున్నాయి, విడిగా బతకడం నేర్చినవి పైనే ఉండిపోతున్నాయి. అంటే రెండు నెలలుగా నేను నేర్చినవాటిని పారబోసి, నేర్వనివాటిని సాకుతున్నాను. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

చెప్పకుండా ఫ్లాస్కు పెట్టినందుకు రిజిస్టర్‌లో అతని తప్పు రాశాను. దాని కింద నా తప్పు రాశాను, అది ఇంకా పొడుగొచ్చింది. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకున్నాను. మునిరత్నమన్న ఆ రోజు తన డబ్బాలోని సంగటి ముద్దలో సగం నాకు పెట్టాడు.

అప్పటి నుంచి షేకర్ ఆపాక అయిదు నిమిషాలు ఆగి, పైన తేలేవాటినే తీసుకుని కొత్త ద్రవంలో వేశాం. మొదట్లో పెరుగుదల నత్తనడకే. మెల్లగా ముద్దలు తగ్గాయి, నీలమూ తగ్గింది. గడువు చివరి వారంలో చిన్న బయోరియాక్టర్‌లో వాటిని పెంచి, వైరస్ కలిపాం. వైరస్ పెరిగిందో లేదో తెలియడానికి కోడి రక్తకణాలతో ఒక పరీక్ష ఉంది. వరసలుగా చిన్న గుంటలున్న ప్లేటులో చేస్తాం. వైరస్ లేకపోతే ఆ కణాలు గుంట అడుగున ఎర్రటి గుండీలా కూర్చుంటాయి. ఉంటే పలచగా పరుచుకుంటాయి. వరసలో గుంట గుంటకూ ద్రవాన్ని సగానికి పలచన చేస్తూ పోతాం, గుండీ ఎంత దూరాన కనపడితే వైరస్ అంత ఎక్కువున్నట్టు. గుడ్ల టీకాకూ అదే పరీక్ష కాబట్టి, అది చదవడంలో మా కంపెనీలో మునిరత్నమన్నను మించినవాళ్ళు లేరు. పైఅధికారి కూడా వచ్చి నిలబడ్డాడు. అన్న ప్లేటును వెలుతురుకేసి పెట్టి, వరస వెంట వేలు పోనిచ్చాడు.

"గుండీ కడాకు పోతే గాని కనపడలేదు సార్. గుడ్డులో పెరిగినట్టే పెరిగుండాది."

గది మూయలేదు. ఇప్పుడు అందులో ఇంకో పెద్ద ట్యాంకు కూడా ఉంది, కొత్తవాళ్ళకు పని నేర్పేది మునిరత్నమన్నే. పని చెడితే నాకు ఇప్పటికీ కోపమే ముందొస్తుంది. కాకపోతే మనిషిని అనేముందు నేను పెట్టిన పద్ధతిలోంచి ఒక చుక్క తీసి చూసుకుంటున్నాను.

ఆ కణాలకు కంపెనీ పొడుగాటి కోడ్ ఇచ్చింది. మా గదిలో దాన్ని ఎవరూ పలకరు. కణాలను గడ్డకట్టించి దాచే ట్యాంకు మూత తీసి, చిన్న సీసాను కొత్తగా చేరినవాళ్ళ చేతికిస్తూ మునిరత్నమన్న ఒకటే మాట చెబుతాడు.

"పదిలంగా పట్టుకో అబ్బా, అది పారబోసేది."