కండల మావయ్య కుడిభుజం

మా అమ్మ తమ్ముణ్ణి మేం చిన్నప్పటినుంచీ కండల మావయ్య అనే పిలిచేవాళ్ళం. మొదట్లో అది ముద్దుపేరు. నాకు పదిహేనేళ్ళు వచ్చేసరికి అది తిట్టుగా మారింది. ఆయన మాత్రం ఆ తేడా గమనించలేదు, బిరుదనుకునే మోశాడు.

ఆయన లిఫ్టు మెకానిక్. ఏ భవనంలో లిఫ్టు ఆగిపోతే అక్కడికి పనిముట్ల సంచి పట్టుకుని వెళ్ళి, తలుపులు తెరిచి, లోపల ఇరుక్కున్నవాళ్ళను బయటికి తీసి, మోటారు సంగతి చూసి వచ్చేవాడు. ఆ పని ఆయనకు నిజంగా వచ్చు. కానీ దాని గురించి ఒక్కనాడూ గొప్పలు చెప్పుకోగా వినలేదు. ఆయన గొప్పలన్నీ జిమ్ము చుట్టూనే తిరిగేవి. పద్దెనిమిదేళ్ళపాటు రోజూ తెల్లారేసరికి జిమ్ములో ఉండేవాడు. ఏడింటికి మా ఇంటికి వచ్చి, టీ తాగుతూ, ఆ రోజు ఏ కండకు ఎంత బరువు పెట్టాడో వర్ణించేవాడు. ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మనుషుల్ని చేతుల లావుతో కొలిచేవాడు. మా నాన్న ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు, మనిషి సన్నం. ఆయన్ని "పుల్ల బావ" అనేవాడు, మొహం మీదే. మా నాన్న నవ్వి ఊరుకునేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

మేం ఇల్లు మారిన రోజు బీరువాను మూడో అంతస్తుకు ఎక్కించాలి. మావయ్య వచ్చాడు. వచ్చి, మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఇవాళ వీపుకి రెస్టు. బరువు ముట్టుకుంటే వారమంతా చేసింది బూడిదైపోతుంది" అన్నాడు.

పుల్ల బావ, నేను, మావయ్య భార్య అత్తయ్య, ఇద్దరు కూలీలు కలిసి దాన్ని పైకి చేర్చాం. మోకాళ్ళు వంచి ఎత్తమని ఆయన కిందినుంచి సలహాలిచ్చాడు. ఆ రోజునుంచి నాకు ఆయనంటే చులకన. దాచుకోను.

ఇక ఆ భుజం పోయిన కథ. నలభై ఆరో ఏట పోయింది. నూట పది కిలోలు ఎత్తుతుంటే బార్ జారిందనీ, ఇంకొకడైతే అక్కడే పోయేవాడనీ ఆయన ఊరంతా చెప్పాడు. అసలు జరిగింది అత్తయ్య నాకు తర్వాత చెప్పింది. ఇద్దరూ బస్సులో వెళ్తున్నారు. మావయ్య పై కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. డ్రైవరు బ్రేకు వేశాడు. అంతే, భుజంలో పాత గుడ్డ చిరిగినట్టు చిన్న చప్పుడు. ఆయన మొహం పాలిపోయి, కూలబడబోతే, దారికి అడ్డం నిలబడొద్దని కండక్టరు కసిరాడట. ఏడాదిగా ఆ భుజం నొప్పి పెడుతున్నా మాత్రలు మింగుతూ బరువులెత్తాడు. కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీ అప్పటికే అరిగిపోయి ఉందనీ, బస్సు కాకపోతే తువ్వాలు పిండుతున్నా తెగేదేననీ సర్జన్ అన్నాడట. ఆ మాట అత్తయ్య బయటికి పొక్కనివ్వలేదు. ఆయన పరువు అలా కాపాడింది.

భుజానికి మూడు చిన్న రంధ్రాలు చేసి, లోపల తెగినదాన్ని ఎముకకు కుట్టారు. ఆరు వారాలు చెయ్యి ఎత్తకూడదన్నారు. ఒక దిండు కట్టిన పట్టీలో చేతిని వేలాడేసుకుని మావయ్య ఇంటికి వచ్చాడు.

అత్తయ్య బట్టల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా చొక్కాలకు చేతులు కుడుతోంది. ఉదయం ఎనిమిదింటికల్లా మిషను ముందు ఉండాలి. కాబట్టి ఏడున్నరకల్లా ఆయనకు స్నానం చేయించి, చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టి, తల దువ్వి, మా ఇంట్లో దింపి వెళ్ళేది. సాయంత్రం వచ్చి తీసుకుపోయేది. ఈ మధ్యలో పది గంటలు ఆయన మా నెత్తిన ఉండేవాడు.

ఆ పది గంటలు ఎలా గడిచాయో చెప్పాలంటే సిగ్గేస్తుంది. నూట పది కిలోల వీరుడు నీళ్ళ సీసా మూత తీయమని పిలుస్తాడు. చెంచా కింద పడితే పిలుస్తాడు. ఫ్యాను వేగంగా తిరిగితే పిలుస్తాడు. మా అమ్మ గుడ్డు ఒలిచి ఇస్తే, పచ్చసొన తీసేసి తెల్లసొన మాత్రమే పెట్టమంటాడు.

"కండ కరిగిపోతోందక్కా. చూడు, పట్టుకుని చూడు" అని ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి చూపించేవాడు.

"మనిషివి ఉన్నావు కదరా, చాల్లే" అనేది అమ్మ.

జిమ్మునుంచి ఎవరైనా చూడడానికి వస్తారని గడ్డం గీయించుకుని కూర్చునేవాడు. పద్దెనిమిదేళ్ళు ఆయన్ని "అన్నా, అన్నా" అన్నవాళ్ళలో ఒక్కడు వచ్చాడు. ఆయన లాకరు తాళంచెవి కోసం వచ్చాడు.

నాకు మందుల షాపులో మధ్యాహ్నం షిఫ్టు. ఉదయం ఖాళీ కాబట్టి ఆయన్ని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళే పని నాకు పడింది. రెండు మంచాలు, గోడకు ఒక నిచ్చెన, పైనుంచి వేలాడే కప్పీ తాడు, రంగురంగుల రబ్బరు పట్టీలు. ఆ గదిలో ఉన్నవి అవే. ఫిజియో మేడం సన్నగా, పొట్టిగా ఉంటుంది. మావయ్య ఆమెను గుమ్మంలోనే తూకం వేసేశాడు.

"ఈవిడా నాకు నేర్పేది" అన్నాడు నాతో, ఆమెకు వినపడేలా.

ఆమె ఆయన్ని ముందుకు వంగి, చేతిని గడియారం లోలకంలా వదిలేసి ఊపమంది. ఆయన ఊపాడు. ఇరవై సార్లు ఊపి, చెమట పట్టి, మంచం అంచు పట్టుకున్నాడు.

ఏడో వారం వేళ్ళతో గోడ ఎక్కమంది. నడుమెత్తు నుంచి మొదలుపెట్టి వేళ్ళు గోడమీద ఒక్కొక్కటిగా పైకి పాకాలి. ఆయన పక్కనే, బాత్రూములో జారి పడ్డ ఒక రిటైరైన లెక్కల టీచరు అదే పని చేస్తోంది. డెబ్బై ఏళ్ళు దాటాయి. ఆమె వేళ్ళు తలమీదుగా పైకి వెళ్ళాయి. ఆయనవి ఛాతీ దగ్గర ఆగాయి. ఆయన పళ్ళు బిగించి ఎగబాకాడు.

"సార్, మీ చెయ్యి పైకి వెళ్ళట్లేదు. భుజం చెవి దగ్గరికి వస్తోంది" అంది ఫిజియో మేడం. "మోసం చేస్తే మీకే నష్టం."

"నేను మోసం చేయట్లేదు."

"గోడకైతే తెలుస్తోంది సార్" అంది లెక్కల టీచరు, తల తిప్పకుండానే.

నేను బయటికి వచ్చి నవ్వుకున్నాను. అది తప్పని అప్పుడు అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు.

పదో వారంలో, ఇంట్లో చెప్పకుండా జిమ్ముకు వెళ్ళాడు. అక్కడినుంచి ట్రైనరు నాకు ఫోన్ చేశాడు, వచ్చి తీసుకుపొమ్మని. నేను వెళ్ళేసరికి మావయ్య బెంచీ మీద చెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. బార్‌కు అటూ ఇటూ చిన్న ప్లేటు వేసి ఎత్తబోతే చెయ్యి మధ్యలో వదిలేసింది. పక్కనున్నవాడు పట్టుకోకపోతే మెడ మీద పడేది.

"నేను వద్దనే అన్నానండీ. అన్న వినలేదు" అన్నాడు ట్రైనరు. వద్దన్న మొహం కాదది. ప్రొటీన్ డబ్బాలు అమ్ముకునే మొహం. అన్నను ఎక్కించి చోద్యం చూసి, ఇప్పుడు అన్నను బయటికి తోలేస్తే చాలన్న తొందరలో ఉన్నాడు. ఆయన బెంచీ కోసం అప్పటికే ఒకడు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

మళ్ళీ స్కాను తీశారు. అదృష్టం బాగుండి కుట్టు ఊడలేదు. కానీ వాపు తగ్గేదాకా మూడు వారాలు మళ్ళీ పట్టీలోకి పోయాడు. సర్జన్ తిట్టాడు, మా అమ్మ తిట్టింది, నేనూ నాలుగు తగిలించాను. అత్తయ్య మాత్రం ఫ్యాక్టరీకి ఒకరోజు సెలవు పెట్టి, ఆయనతో తనే ఫిజియోథెరపీకి వచ్చింది. నేనూ వెళ్ళాను.

ఆ రోజు జరిగిందే నేను ఇదంతా చెప్పడానికి కారణం.

ఫిజియో మేడం మావయ్య చొక్కా తీయమంది. అత్తయ్య బొత్తాలు విప్పి, చొక్కాను భుజాలమీంచి తీసి, పక్కన కొక్కేనికి తగిలించబోయింది. కొక్కెం తల ఎత్తులో ఉంది. కుడిచెయ్యి భుజం దాకా వెళ్ళి ఆగింది. ఆవిడ చొక్కాను ఎడమచేతిలోకి మార్చుకుని తగిలించింది. ఎంత అలవాటుగా చేసిందంటే, నేనైతే చూసీ చూడలేదు.

మేడం చూసింది. "మీ చెయ్యి ఎత్తండి" అంది.

"నాది కాదండీ, ఈయనది."

"తెలుసు. మీది ఎత్తండి."

అత్తయ్య ఎత్తింది. భుజం దాటలేదు. వెనక్కి పెట్టమంటే నడుము దాకా కూడా పోలేదు. మేడం ఆవిడ మోచేయి పట్టుకుని మెల్లగా పైకి తోస్తే, అత్తయ్య కళ్ళు మూసుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏమో. నాలుగేళ్ళు ఉంటుందేమో. మిషను పని కదండీ, అందరికీ ఉంటుంది."

"ఈ చేత్తోనే సార్‌కి స్నానం చేయిస్తున్నారా?"

అత్తయ్య తల ఊపింది. నాలుగేళ్ళు. మేం ఇల్లు మారి మూడేళ్ళే, అంటే బీరువా ఎత్తిన రోజు కూడా ఆ చెయ్యి అలాగే ఉంది. ఆవిడ నాకంటే రెండు మెట్లు పైన ఉంది, నేనూ చూడలేదు. మావయ్యను అసహ్యించుకోవడంలో ఎంత మునిగిపోయానంటే, పక్కనున్న మనిషి మొహం నా కంటికి ఆనలేదు.

మావయ్య చొక్కా లేకుండా మంచం మీద కూర్చుని ఉన్నాడు. "చెప్పలేదేం?" అన్నాడు చివరికి.

"చెప్తే ఏం చేసేవారు?" అంది అత్తయ్య. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

ఒంట్లో ప్రతి కండ పేరూ తెలిసిన మనిషి ఆయన. జిమ్ములో ఎవడు ఏ బరువు తప్పుగా ఎత్తుతున్నాడో ఇరవై అడుగుల దూరంనుంచి కనిపెట్టే మనిషి.

ఆయన మారాడని చెప్తే మీకు బాగుంటుందని నాకు తెలుసు. మారలేదు. ఆ వారం నుంచి అత్తయ్యకు కూడా వ్యాయామాలు రాసిచ్చారు. ఆమెకు భుజం బిగుసుకుపోయిందనీ, కోత అవసరం లేదనీ, రోజూ రెండుపూటలా చేస్తే రెండేళ్ళలో విడుతుందనీ మేడం చెప్పింది. ఇక ఇంట్లో మావయ్య పంతులుగిరీ మొదలైంది. పసుపుపచ్చ రబ్బరు పట్టీకి ఒక చివర ఆయన, ఒక చివర ఆవిడ.

"మోచెయ్యి పక్కలకి పోతోంది. దగ్గరికి. దగ్గరికి అన్నానా. అది చెయ్యా, గుడ్డపేలికా?"

"లాగుతున్నానండీ."

"నువ్వు లాగట్లేదు, నడుము లాగుతోంది. మళ్ళీ."

వింటుంటే నా చేతులు దురద పెట్టేవి. కానీ ఒకటి ఒప్పుకోవాలి. రెండుపూటలా, ఒక్కరోజు మానకుండా చేయించాడు. ఆవిడ అలసిపోయి వచ్చి వద్దంటే, ముందు వేడినీళ్ళ సంచి ఎడమచేత్తో తెచ్చి భుజం మీద పెట్టి, పావుగంట ఆగి, అప్పుడు తిట్టడం మొదలుపెట్టేవాడు.

అయిదో నెలలో ఆయనకు ఒక కిలో డంబెల్ ఇచ్చారు. గులాబీరంగుది. జిమ్ముకు మధ్యాహ్నం పూట వెళ్ళేవాడు, తెలిసినవాళ్ళు ఉండరని. ఒకరోజు ఒక కుర్రాడు చూసి, "అంకుల్, అది ఆడవాళ్ళదండీ" అని నవ్వాడట. ఒకప్పుడు ఆ మాట అనేది మావయ్యే. ఆయన పదిహేను సార్లు ఎత్తి, దించి, దాని చోట దాన్ని పెట్టి ఇంటికి వచ్చేశాడు. ఇంటికి వచ్చాక ఆ కుర్రాడి కాళ్ళు ఎంత సన్నమో అరగంట వర్ణించాడు.

ఆపరేషనైన ఎనిమిదో నెలలో పనిలోకి తిరిగి వెళ్ళాడు. కంపెనీ ఆయన్ని మెట్లు ఎక్కనివ్వకుండా ఆఫీసులో ఫోను దగ్గర కూర్చోబెట్టింది. లిఫ్టులో ఇరుక్కుని ఏడుస్తున్నవాళ్ళకు తలుపులు బాదొద్దని చెప్పడం ఆయన పని. ఆ పనిని ఈసడించుకుంటూనే ఏడాది చేశాడు. ఇప్పుడు మళ్ళీ మోటార్ల దగ్గరికి పంపుతున్నారు. బెంచీ మీద నలభై కిలోలు ఎత్తుతున్నాడు. ఇక అంతకు మించొద్దని సర్జన్ చెప్పాడు. జిమ్ములో మాత్రం నలభై చాలని తనే కనిపెట్టినట్టు ఉపన్యాసాలిస్తున్నాడు.

అంతకంటే ఘోరం, అత్తయ్య భుజాన్ని తనే బాగుచేశానని అందరికీ చెప్పుకుంటున్నాడు. ఫిజియో మేడం ఊసే ఉండదు. మొన్న మా ఇంట్లో, అత్తయ్య ఎదురుగానే, ఆవిడ చెయ్యి పైకెత్తి అందరికీ చూపించి, "చూశారా, పూర్తిగా విడిపించేశాను" అన్నాడు.

ఆయన వెళ్ళాక అత్తయ్యను అడిగాను. "ఎందుకు ఊరుకుంటావు? కాస్త గాలి తీయకూడదూ?"

"రబ్బరుకి రెండో చివర పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదే" అంది. "పట్టుకుంటున్నాడు. నోరెలాగూ ఆగదు, ఏదో ఒకటి వాగనీ."

నాకు ఆ లెక్క ఇప్పటికీ నచ్చదు. ఆవిడకు ఇంతకంటే చాలా రావాల్సి ఉందని నా నమ్మకం. అదే అన్నాను కూడా. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, పై అరలో ఉన్న టీ డబ్బాను కుడిచేత్తో అందుకుంది. అందాక ఒక్కసారి మొహం చిట్లించి, కిందికి దించింది. ఇంకా ఓ నాలుగు నెలలు పడుతుందని మేడం చెప్పిందట.